పూత మీద బేరం: వేసవి సినిమాల అంచనాలు, వసూళ్లు

తెలుగు సినిమా వ్యాపారంలో వేసవి అంటే ఉగాది వేళకు మొదలై, పరీక్షలు ముగిసి బడులకు సెలవులిచ్చే ఏప్రిల్ చివరి వారంలో ఊపందుకుని, జూన్ రెండో వారంలో బడులు తెరిచేసరికి సద్దుమణిగే పది పన్నెండు వారాల కాలం. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, రెడ్డిగూడెం, విస్సన్నపేట ప్రాంతాల్లో మామిడి కోతలు సాగేదీ, బంగినపల్లి, తోతాపురి, చిన్న రసం, పెద్ద రసం కాయలు లారీలెక్కి నున్న మార్కెట్‌కూ అక్కడి నుంచి ఉత్తరాది నగరాలకూ కదిలేదీ ఇదే కాలంలో. ఈ రెండు వ్యాపారాల్లోనూ సరుకు చేతికి రాకముందే బేరం కుదురుతుంది. జనవరిలో కొమ్మ చివర పూత గుత్తులు చూసి, తేనెమంచు పురుగు తగిలిందా, బూడిద తెగులు పట్టిందా అని ఆకు తిప్పి పరిశీలించి, పిందె ఎంత నిలుస్తుందో మనసులో లెక్క కట్టి, వర్తకుడు తోట కాపును గుత్తకు మాట్లాడుకుంటాడు. ఇంచుమించు అదే సమయంలో విజయవాడ గాంధీనగర్‌లోని పంపిణీ కార్యాలయాల్లో హీరో గత చిత్రం వసూలునూ, దర్శకుడి పేరునూ, విడుదలైన ఒకటి రెండు పాటల ఊపునూ చూసి వేసవి సినిమా హక్కులకు ధర పలుకుతుంది. అలా కట్టిన అంచనాలు జూన్ నాటికి ఎంతవరకు నిలిచాయి, తప్పినవి ఏ వైపుకు తప్పాయి, ఆ తప్పు ఎవరి మీద పడింది అన్నవి ఈ సమీక్ష విషయం.

సినిమా పంపిణీదారులు తెలుగు నేలను నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, తూర్పు, పశ్చిమ, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని ఏరియాలుగా విభజించుకున్నారు. నైజాం అంటే తెలంగాణ. సీడెడ్ అంటే రాయలసీమ, అంటే ఒకప్పుడు నిజాం ఈస్టిండియా కంపెనీకి దత్తం చేసిన జిల్లాలు. నైజాం సంస్థానం భారత యూనియన్‌లో కలిసి దశాబ్దాలు గడిచినా సినిమా ఖాతా పుస్తకాల్లో మాత్రం ఆ పాత సరిహద్దులు చెక్కుచెదరలేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనలో నూజివీడు ఏలూరు జిల్లాలో చేరింది గానీ, ఇక్కడి థియేటర్ వసూలు నేటికీ కృష్ణా ఏరియా లెక్కలోకే వెళుతుంది. విజయవాడ వంటి నగరాన్ని ‘ఏ సెంటర్’ అనీ, నూజివీడు, గుడివాడ వంటి పట్టణాలను ‘బీ సెంటర్’ అనీ, పెద్ద పల్లెల్లోని హాళ్లను ‘సీ సెంటర్’ అనీ వ్యవహరిస్తారు. అందుచేత ఒక అంచనాను నూజివీడు వైపు నుంచి పరిశీలించడమంటే, మదురైనో ముంబయినో చేర్చి చెప్పే ప్రపంచవ్యాప్త మొత్తాల మాయ నుంచి బయటపడి, ఒకే ఏరియాలో పెట్టిన డబ్బుకూ తిరిగొచ్చిన డబ్బుకూ మధ్య దూరాన్ని కొలవడమే అవుతుంది.

అంచనా ఈ వ్యాపారంలో మాటగా మిగలదు, ధరగా మారుతుంది. ఏరియా హక్కుల అమ్మకంలో ప్రధానంగా మూడు పద్ధతులున్నాయి. బయ్యరు నిర్ణీత మొత్తాన్ని చెల్లించి, నష్టం వస్తే తానే భరించి, లాభం ఒక హద్దు దాటితే నిర్మాతతో పంచుకునే పద్ధతిని ఎన్ఆర్ఏ అంటారు, అంటే తిరిగి ఇవ్వనక్కరలేని అడ్వాన్సు. ఇంత మొత్తానికి హామీ ఇచ్చి తీసుకోవడాన్ని మినిమం గ్యారంటీ, క్లుప్తంగా ఎంజీ అంటారు. మూడోది, వసూలు రాకపోతే తిరిగి ఇవ్వవలసిన అడ్వాన్సు చెల్లించి, కమిషన్ మీద పంపిణీ చేయడం. మొదటి రెండింటిలో భారం బయ్యరుది, మూడోదానిలో నిర్మాతది. ప్రేక్షకుడు టికెట్‌కు చెల్లించిన సొమ్మంతా గ్రాస్. అందులో నుంచి పన్ను, థియేటర్ అద్దె, ఇతర ఖర్చులు పోగా పంపిణీదారు చేతికి మిగిలేది షేర్. ఏరియాకు పెట్టిన ధరను షేర్ అందుకున్న స్థితి బ్రేక్ ఈవెన్. కృష్ణా హక్కులు కోటి రూపాయలకు అమ్ముడైన సినిమా తొంభై లక్షల షేర్ తెస్తే అది ఫ్లాపు, పది లక్షలకు పోయిన సినిమా యాభై లక్షలు తెస్తే బ్లాక్‌బస్టర్ అనుకుంటే, ఎక్కువమంది చూసిన సినిమా ఓడినట్టూ తక్కువమంది చూసింది గెలిచినట్టూ నమోదవుతుంది. ‘హిట్’, ‘ఫ్లాప్’ అన్న తీర్పులు సినిమా గురించి చెప్పేది కొంతే; ముందుగా పలికిన ధర సరైనదా కాదా అన్నదే వాటిలో అసలు సంగతి. సినిమా పత్రికలు దశాబ్దాలుగా రాస్తున్న జయాపజయాల చరిత్రను ఈ దృష్టితో చదివితే, అది చాలావరకు అంచనాల జయాపజయాల చరిత్రే.

ఈ లెక్కలకు ఒక పెద్ద లోపం ఉంది. ప్రతి థియేటర్‌లోనూ ఆట ఆటకూ, తరగతి తరగతికీ ఎన్ని టికెట్లు తెగాయో రాసే డీసీఆర్ అనే రోజువారీ వసూలు పత్రం ఒకటి తయారవుతుంది. నేల, కుర్చీ, బాల్కనీ అన్న పాత తరగతుల పేర్లు మారినా ఆ పత్రం రూపం పెద్దగా మారలేదు. అది థియేటర్ నుంచి పంపిణీదారు కార్యాలయానికి వెళ్లి అక్కడే ఆగిపోతుంది. ప్రజలకు కనిపించేది నిర్మాణ సంస్థ పోస్టరు మీద అచ్చువేసే గ్రాస్ మొత్తం, లేదా వ్యాపార వర్గాల పేరిట వెలువడే షేర్ పట్టిక; రెండూ ఆడిట్‌కు లోబడినవి కావు. కాబట్టి ఇక్కడ కోట్ల అంకెల కన్నా, అంచనాకు తలకిందులుగా వచ్చిన ఫలితాల మీద, వాటి కారణాల మీదే ఎక్కువ ఆధారపడటం క్షేమం.

అంచనాలు తప్పడానికి కృష్ణా ఏరియా చరిత్రలో 1990 కన్నా గట్టి ఉదాహరణ దొరకదు. కె. రాఘవేంద్రరావు దర్శకత్వంలో చిరంజీవి, శ్రీదేవి నటించగా సి. అశ్వనీదత్ వైజయంతీ మూవీస్ పతాకంపై నిర్మించిన ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ ఆ ఏడాది మే 9న విడుదలైంది. సరిగ్గా ఆ రోజే పెను తుపాను కృష్ణా ముఖద్వారం సమీపాన తీరం దాటి, తొమ్మిది వందలకు పైగా ప్రాణాలు బలిగొని, కోస్తా జిల్లాల రహదారులనూ రైలు మార్గాలనూ స్తంభింపజేసింది. భారీ వ్యయంతో తీసిన సినిమాకు తొలి వారమే ఆయువుపట్టు అని నమ్మే వ్యాపారంలో అది మునకగానే లెక్క. నీళ్లు తీసిన తరవాత జనం వచ్చారు, వస్తూనే ఉన్నారు. ఆ సినిమా తెలుగు వ్యాపార చరిత్రలో పెద్ద విజయాల్లో ఒకటిగా నిలిచి, ముప్పై అయిదేళ్ల తరవాత 2025 మే 9న మళ్లీ విడుదలైంది కూడా. ఆనాటి ఫలితానికి సినిమా బలం ఒక్కటే కారణమనుకుంటే సగమే చెప్పినట్టు. అప్పట్లో ప్రింట్లు పరిమితం. సినిమా ముందు పెద్ద పట్టణాల్లో ఆడి, ఆ ప్రింట్లే కొన్ని వారాల తరవాత చిన్న పట్టణాలకూ పల్లెలకూ దిగేవి, కాబట్టి మొదటి వారం పోయినా సినిమాకు ఇంకా పది వారాల జీవితం మిగిలి ఉండేది, సీ సెంటర్‌కు చేరేనాటికి ఫలితమేమిటో అందరికీ తెలిసి ఉండేది. శాటిలైట్, డిజిటల్ ప్రదర్శన వచ్చాక ఒకే శుక్రవారం ఉదయం విజయవాడలోనూ నూజివీడులోనూ చాట్రాయి చుట్టుపక్కలా అదే బొమ్మ పడుతోంది. ఈ సదుపాయం పైరసీని కొంత అరికట్టి ఉండవచ్చు, కానీ ధర నిర్ణయించేవాడికి తప్పు దిద్దుకునే గడువును అది పూర్తిగా తీసేసింది.

ఇక తేదీల నమ్మకం సంగతి. ఏప్రిల్ 28న ‘అడవి రాముడు’ (1977), ‘యమలీల’ (1994), ‘పోకిరి’ (2006), ‘బాహుబలి: ది కన్‌క్లూజన్’ (2017) విడుదలై విజయం సాధించడంతో ఆ తేదీకి మహిమ అంటగట్టారు, మే 9కి వైజయంతీ సంస్థ విషయంలో అలాంటి పేరే వచ్చింది. 2023 ఏప్రిల్ 28న విడుదలైన ‘ఏజెంట్’ మూడు నాలుగు రోజులకే చతికిలబడి, మే మొదటి తేదీనే నిర్మాత అనిల్ సుంకర పూర్తి స్క్రిప్టు లేకుండా మొదలుపెట్టడం పొరపాటని బహిరంగంగా ఒప్పుకోవలసి వచ్చింది. దీనికి విరుద్ధంగా, 2024 మే 9కి ప్రకటించిన ‘కల్కి 2898 ఏడీ’ ఎన్నికల కారణంగా వెనక్కి జరిగి, బడులు తెరిచిన తరవాత జూన్ 27న విడుదలై కూడా ఘనవిజయం పొందింది. పంచాంగం మీద కట్టిన అంచనాకు ఇంతకు మించి చోటివ్వనక్కరలేదు.

అంచనాకూ ఫలితానికీ మధ్య తేడాను వివరంగా చూడదగిన వేసవి 2016. ఆ ఏడాది వ్యాపార వర్గాల చూపంతా రెండు సినిమాల మీద ఉంది. 2012 మేలో వచ్చిన ‘గబ్బర్ సింగ్’ విజయం నేపథ్యంగా పవన్ కల్యాణ్ ‘సర్దార్ గబ్బర్ సింగ్’ ఉగాది నాడు, ఏప్రిల్ 8న విడుదలైంది. అంతకు ముందటి ఏడాది ఆగస్టులో ‘శ్రీమంతుడు’ సాధించిన వసూళ్ల ఊపులో మహేశ్ బాబు, శ్రీకాంత్ అడ్డాల కలయికగా ‘బ్రహ్మోత్సవం’ మే 20న వచ్చింది. రెండింటికీ హక్కులు భారీ ధరలకు పోయాయి, తొలి రోజు హాళ్లు నిండాయి, తొలి రోజు వసూలు గురించి చెప్పిన జోస్యాలు ఇంచుమించు నిజమయ్యాయి. తరవాత మాత్రం మొదటిది వారం తిరిగేసరికి, రెండోది వారాంతం కూడా గడవకముందే నీరసించగా, బయ్యర్ల నష్టాలు నెలల తరబడి చర్చనీయాంశమయ్యాయి. ఆ రెండింటి మధ్య ఏప్రిల్ 22న వచ్చిన ‘సరైనోడు’కు సమీక్షకులు పెదవి విరిచారు, దర్శకుడు బోయపాటి శ్రీను పోరాట ఘట్టాలను బీ, సీ సెంటర్ల ప్రేక్షకులు మాత్రం వారాల పాటు ఆదరించారు. సమీక్షలను బట్టి అంచనా కట్టినవారు అక్కడ ఓడారు, హీరో పేరును బట్టి కట్టినవారు బ్రహ్మోత్సవంలో ఓడారు.

ఆ వేసవి అసలు విజేతను ఏ జాబితాలోనూ ఎవరూ రాయలేదు. శశి దర్శకత్వంలో విజయ్ ఆంటొని నటించిన తమిళ చిత్రం ‘పిచ్చైక్కారన్’ తెలుగులో ‘బిచ్చగాడు’గా మే 13న, పెద్దగా ప్రచారం లేకుండా, అతి తక్కువ ధరకు హక్కులు మారి విడుదలైంది. తల్లి ప్రాణం కోసం మొక్కుకుని మండలం పాటు భిక్షాటన చేసే కోటీశ్వరుడి కథ అది. తొలి రోజు హాళ్లు సగం నిండలేదు. రెండో వారంలో ‘బ్రహ్మోత్సవం’ ఖాళీ చేసిన ఆటలు దానికి దక్కాయి. మూడో వారానికి కుటుంబాలు రావడం మొదలైంది. వంద రోజుల పోస్టరు అంటించే అలవాటు దాదాపు అంతరించిన కాలంలో అది వంద రోజులాడింది. పెద్ద నోట్లు రద్దు చేస్తే దేశం బాగుపడుతుందని అందులో ఒక బిచ్చగాడు చెప్పే సన్నివేశం అదే ఏడాది నవంబరులో అందరి ఫోన్లలోనూ తిరిగింది. ఆ వేసవిలో నిజంగా నెగ్గిన జోస్యం బహుశా అదొక్కటే. సినిమా నిలబడటానికి కారణాలు వెతికితే, కథలోని తల్లి మొక్కు తెలుగు ఇంట్లో వెంటనే తలకెక్కే విషయం కావడం ఒకటి. చెప్పుకోదగిన హీరో లేడు కనుక తొలి రోజున అరిచే అభిమాన గణం లేక, చూసినవాడి మాటే ప్రచారం కావడం మరొకటి. అన్నిటికీ మించి, కొన్న ధర తక్కువ కావడం వల్ల హాల్లో మూడో వారం దాకా ఓపిక పట్టగలగడం. ఎక్కువ ధర పెట్టినవాడు ఓపిక పట్టలేడు, ఎందుకంటే అతని అప్పు మీద వడ్డీ శుక్రవారం నుంచే నడుస్తుంది.

ఈ నమూనా తరవాతి వేసవుల్లోనూ తిరిగి తిరిగి కనిపిస్తుంది. 2018 మే 4న అల్లు అర్జున్ ‘నా పేరు సూర్య’, మే 9న సావిత్రి జీవితం ఆధారంగా నాగ్ అశ్విన్ తీసిన ‘మహానటి’ వచ్చినప్పుడు ధరల దృష్టిలో రెండోది చిన్న సినిమా. నెల గడిచేసరికి లాభాలు దాని వైపే మొగ్గాయి. 2022లో ‘ఆర్ఆర్ఆర్’ మార్చి 25న, కన్నడం నుంచి ‘కేజీఎఫ్: చాప్టర్ 2’ ఏప్రిల్ 14న విడుదలై, పెరిగిన ఖర్చులకు తగ్గట్టు ప్రేక్షకుడు వస్తాడన్న నమ్మకాన్ని పెంచాయి. చిరంజీవి, రామ్‌చరణ్ కలిసి నటించిన ‘ఆచార్య’ ఏప్రిల్ 29న ఆ నమ్మకం మీదనే, టికెట్ ధర పెంచుకునే అనుమతితో సహా విడుదలై, రెండో రోజు నుంచే కుప్పకూలింది. దాని దర్శకుడు కొరటాల శివకు అంతకు ముందు ఒక్క అపజయం కూడా లేకపోవడం ఆ ధరకు ప్రధాన ఆధారం; వరసగా నాలుగేళ్లు కాసిన చెట్టు అయిదో ఏడు కూడా కాస్తుందన్న తర్కం మామిడి రైతు ఎవరూ నమ్మరు, సినిమా బయ్యరు నమ్మాడు. 2023లో ‘ఏజెంట్’కు వారం ముందు, ఏప్రిల్ 21న విడుదలైన సాయిధరమ్ తేజ్ ‘విరూపాక్ష’ రోజు రోజుకూ ఆటలు పెంచుకుంటూ ఆ వేసవికి ఊపిరి పోసింది.

సినిమాతో సంబంధం లేని కారణాలు కొన్ని ఏ అంచనానైనా తుడిచిపెడతాయి. 2020 వేసవి కోవిడ్ వల్ల పూర్తిగా శూన్యం. 2021 ఏప్రిల్ 9న ‘వకీల్ సాబ్’ విడుదలకు ఒక్క రోజు ముందు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం టికెట్ ధరలను భారీగా తగ్గిస్తూ 35వ నంబరు ఉత్తర్వు ఇచ్చింది. పాత ధరల మీద కొన్న హక్కులకు కొత్త ధరల మీద వసూలు రావలసి వచ్చింది, పైగా నెలాఖరుకు రెండో విడత కోవిడ్ హాళ్లను మూసేసింది. 2022 మార్చి 7 నాటి కొత్త ఉత్తర్వు కనిష్ఠ ధరను 20 రూపాయలుగా, గరిష్ఠ ధరను 250 రూపాయలుగా మార్చింది. 2024లో మే 13 పోలింగు, దానికి తోడు ఐపీఎల్ క్రికెట్ ఉండగా పెద్ద సినిమాలు తప్పుకోవడంతో తెలంగాణలో ఒంటి తెర హాళ్లు మే 17 నుంచి పది రోజులు ఆటలు ఆపాయి. ఇటువంటివి ముందుగా తెలియవు గనుక అంచనా వేసినవారిని తప్పుపట్టలేం. ధరలో వాటికి కొంత వెసులుబాటు ఉంచనందుకు మాత్రం తప్పుపట్టవచ్చు.

సినిమా రాబడి ఎక్కడైనా ఊహకు అందదన్న వాదన ఒకటుంది. అమెరికాలో 1975 జూన్‌లో వచ్చిన ‘జాస్’తో వేసవి భారీ చిత్రాల ఆనవాయితీ స్థిరపడింది. అక్కడి ఆర్థికవేత్తలు ఆర్ట్ డి వానీ, డేవిడ్ వాల్స్ 1990లలో సినిమాల వసూళ్లను పరిశీలించి, వాటి వ్యాప్తి మామూలు గంట ఆకారంలో ఉండదనీ, కొద్ది సినిమాలే మొత్తంలో అధిక భాగాన్ని తెచ్చేస్తాయనీ, అందువల్ల ‘సగటు సినిమా’ అన్న మాటకే పెద్దగా అర్థం లేదనీ చూపారు. తారలు తొలి వారం తెరల సంఖ్యను పెంచగలరు గానీ, ప్రేక్షకులు ఒకరికొకరు చెప్పుకునే మాటను శాసించలేరన్నది వారి పరిశీలన సారం. తెలుగు వేసవుల అనుభవం దీన్ని బలపరుస్తూనే, ఒక సవరణ కోరుతుంది. ఇక్కడి వ్యాపారం తొలి మూడు రోజులను చెప్పుకోదగినంత కచ్చితంగా ఊహించగలదు. బెనిఫిట్ షోల సంఖ్య, ముందస్తు బుకింగు, హీరో అభిమానుల బలం అందుకు సరిపోతాయి. ఊహించలేనిది తొలి సోమవారం తరవాతి కాలాన్ని. ధరను మాత్రం ఆ తెలియని కాలాన్ని కూడా తొలి మూడు రోజుల కొలమానంతోనే కొలిచి నిర్ణయిస్తారు. తప్పు అక్కడుంది, అది దాదాపు ఎప్పుడూ ఒకే వైపుకు, అంటే అధిక ధర వైపుకే తప్పుతుంది.

నూజివీడు వంటి చోట ఆ సోమవారం మరింత నిష్ఠురంగా ఉంటుంది. కోతల కాలంలో తోటల్లో పని తెల్లవారుజామున మొదలవుతుంది, సాయంత్రం నుంచి గ్రేడింగు, లోడింగు సాగుతాయి. కూలీ డబ్బు చేతిలో ఆడే కాలమే అయినా తీరిక దొరకని కాలం కూడా ఇదే. సెలవులకు వచ్చిన పిల్లలు, పెళ్లిళ్లకు వచ్చిన చుట్టాలు మొదటి వారాంతంలో చూసే సినిమాను చూసేస్తారు, విజయవాడ మల్టీప్లెక్సు దాకా వెళ్లగలవారు అక్కడికే వెళతారు. మిగిలినవారు ఆగి, బాగుందన్న మాట వచ్చాకే వస్తారు. నాలుగైదు వారాలకే ఇంట్లో ఫోనులో కనిపిస్తుందని తెలిశాక, ‘ఫర్వాలేదు’ అన్న మాట టికెట్ తెగడానికి చాలదు. హాలును వారానికింత అని స్థిర అద్దెకు తీసుకునే పద్ధతిలో, వసూలు అద్దెకు సరిపోని రోజున లోటును పంపిణీదారే పూడ్చాలి, కాబట్టి అతడు బొమ్మను తీసేయడానికే చూస్తాడు. మూడో వారంలో లేచే సినిమాకు మూడో వారం దక్కకపోవడానికి కారణం ఇదే. 2025 మేలో తెలుగు రాష్ట్రాల ఎగ్జిబిటర్లు అద్దెకు బదులు వసూలులో శాతం కావాలని అడుగుతూ జూన్ 1 నుంచి హాళ్లు మూస్తామని హెచ్చరించినప్పుడు, విమర్శలు రాగా మూసివేత ఆగింది గానీ, వారు లేవనెత్తిన విషయం తేలలేదు. శాతం పద్ధతిలో హాలు యజమాని కూడా నష్టంలో భాగస్వామి అవుతాడు గనుక, ఏ సినిమాకు ఎన్ని ఆటలివ్వాలో తానే ఆలోచిస్తాడు. స్థిర అద్దెలో అతనికి ఆ అవసరం లేదు.

దీనికి మందు ఇంకా తెలివైన జోస్యం కాదు. మామిడి వర్తకులలో ముందుచూపున్నవారు పూత మీద తోట మొత్తం కొనరు, కొంత బయానా ఇచ్చి కాయ నిలిచాక మిగతా లెక్క తేల్చుకుంటారు. సినిమా హక్కులకూ తిరిగి ఇవ్వదగిన అడ్వాన్సు, వసూలును బట్టి వాటా అన్న కమిషన్ పద్ధతి ఇప్పటికే ఉంది, దాన్ని మామూలు పద్ధతిగా చేయడమే కావాలి. దానికి ముందు లెక్క బయటపడాలి. టికెట్లను ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా అమ్మాలని ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2021 నవంబరులో సినిమా చట్టాన్ని సవరించింది. ఆ సవరణ మీది వాదవివాదాల జోలికి పోకపోయినా, ఏరియాల వారీగా వారానికి ఎన్ని టికెట్లు తెగాయన్న ఒక్క అంకెను డీసీఆర్‌ల నుంచి తీసి ప్రతి సోమవారం ప్రకటించడానికి ఫిల్మ్ ఛాంబర్‌కు కొత్త చట్టమేదీ అవసరం లేదు. వచ్చే వేసవికి కృష్ణా ఏరియాతోనైనా ఆ పని మొదలుపెట్టాలి.